నీలం దారం

మార్చి 4, సోమవారం

మధ్యాహ్నం పని ఆపించి అందరినీ క్యాంటీన్లో కూర్చోబెట్టారు. కంపెనీ పెద్దాయన స్వయంగా వచ్చాడు. గోడ మీద తెర దించి గీతలు చూపించాడు. ఆన్‌బోర్డ్ ఛార్జర్ల మార్కెట్ ఇప్పుడు ఇంత, ఐదేళ్ళలో ఇంత, పదేళ్ళలో ఇంత. ప్రతి గీతా పక్కదాని నెత్తినెక్కి కూర్చుంది. ఇక మనకి తిరుగులేదన్నాడు. చప్పట్లు కొట్టాం. నేనైతే అరచేతులు మండేలా కొట్టాను. వైండింగ్ సెక్షన్ ఇన్‌ఛార్జి కొట్టకపోతే ఇంకెవరు కొడతారు?

మా సెక్షన్లో అందరికన్నా పెద్దది, పెద్దక్క, నా చెవి దగ్గరకొచ్చి, మెట్లు బాగానే ఉన్నాయి గానీ ఎక్కేదెవరట అంది. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెట్లంటే చాలు, ఎక్కడున్నా తిడుతుంది. నవ్వు ఆపుకోలేక దగ్గాను.

ఇంటికొచ్చి చెప్తే అత్తయ్య, ఏమిటే ఆ పెరిగేది అంది. ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అడుగుతుంది. కరెంటు బండిలో ఉండే పెట్టె అత్తయ్యా, గోడలోంచి వచ్చే కరెంటు ఒక రకం, బ్యాటరీకి కావలసింది ఇంకో రకం, మధ్యలో ఈ పెట్టె దుబాసీ పని చేస్తుంది, దాని కడుపులో రాగితీగ కాయిల్ ఉంటుంది, అది మా సెక్షన్లో పన్నెండు మంది చేత్తో చుడతారు అన్నాను. ఆవిడ అంతా విని, చేత్తో చేసిందైతే మంచిదేలే అంది.

మా ఆయన షెడ్డులో పెట్రోలు బళ్ళు బాగుచేస్తాడు. "మీ పెట్టెలు పెరిగేకొద్దీ నా షెడ్డు తరుగుతోంది. శత్రువుని ఇంట్లో పెట్టుకుని అన్నం పెడుతున్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఈ మధ్య సాయంత్రం పెందరాళే వచ్చేస్తున్నాడు. పని లేక అని మేమెవరం అనం.

పిచ్చుక అదంతా వింటూ ఆయన చొక్కాకి గుండీ కుడుతోంది. నా ఆడపడుచుని ఫ్యాక్టరీలో అందరూ అలాగే పిలుస్తారు. చిన్న మనిషి, చేతులు మాత్రం ఒక్కచోట నిలవవు. ఇప్పుడు ఇంట్లోనూ అదే పేరు. బస్సులో వచ్చేటప్పుడే అడిగింది, మార్కెట్ పెరిగితే పర్మనెంట్ చేస్తారా వదినా అని.

చెయ్యక చస్తారా అన్నాను.

మార్చి 10, ఆదివారం

పాప వచ్చి వెళ్ళింది, పిచ్చుక కూతురు. కిందటి వారానికి ఈ వారానికి ముందు పన్ను ఒకటి మాయం. పిచ్చుక ఆ ఖాళీలోకి అదే పనిగా చూస్తూ కూర్చుంది. పన్ను ఊడినప్పుడు తను పక్కన లేదని బాధ. 

విడిపోయినప్పుడు రెండు వైపులా పెద్దవాళ్ళు కూర్చుని ఒక మాట అనుకున్నారు. పిచ్చుకకి ఖాయమైన ఉద్యోగం, తనకంటూ ఒక అద్దె వాటా ఉంటే పాప తల్లి దగ్గరకి రావాలి. అంతవరకూ తండ్రి దగ్గర, ఆదివారాలు ఇక్కడ. తండ్రి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోడానికైనా ఉండేది.

పాప వెళ్ళేటప్పుడు, అత్తా నేనెప్పుడు వచ్చేస్తాను అని నన్నడిగింది. వేసవి సెలవులకి అన్నాను. పిచ్చుక నా వైపు చూసింది. ఏం, అంతలా పెరుగుతుంటే ఒక్క మనిషిని పర్మనెంట్ చెయ్యలేరా?

మార్చి 11

సాయంత్రం రెండు వీధుల అవతల ఒక వాటా చూసొచ్చాం. ఒక గది, వంటకి పక్కన మూల, కిటికీలోంచి బడి గోడ కనిపిస్తుంది. పిచ్చుక లోపల తిరగలేదు. కిటికీ దగ్గరే నిలబడి గడియ వేసి తీసి, వేసి తీసి చూసింది.

మార్చి 14

కొత్తగా వచ్చిన టెస్టరు ఈరోజు నన్ను పట్టుకున్నాడు. పట్టుకోవడమేమిటి, నేనేమన్నా దొంగనా. బల్ల దగ్గరకొచ్చి, అక్కా మీరు దారాలు మారుస్తున్నారేంటి అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పాను.

మాలో ఒక్కొక్కరికి ఒక్కో రంగు దారం. కాయిల్ చుట్టడం అయ్యాక దాని తోకకి ఎవరి రంగు ముక్క వాళ్ళు కట్టాలి. టెస్టింగులో పోయింది దారంతో సహా నా బల్ల మీదకి వస్తుంది. ఎవరివి ఎన్ని పోయాయో నేను లెక్క పైకి పంపాలి. ఒకప్పుడు అలాగే పంపేదాన్ని. అందరికన్నా ఎక్కువ పోయినవాళ్ళని నెలాఖరుకి పని నుంచి తీసేసేవాళ్ళు. పెద్దక్క చెయ్యి వణకడం మొదలైన ఏడాది ఆవిడ ఊదా రంగు దారాలు వరసపెట్టి రావడం చూశాను. వైధవ్యం, ఇద్దరు మనవలు, మోకాళ్ళు. ఆ నెల నాలుగు ఊదా దారాలు విప్పి నాలుగు వేరే రంగులు కట్టాను. అప్పటినుంచి పోయినవన్నీ తలా కాసిన్ని పంచుతాను. పంచుకుంటే ఎవరికీ బరువు కాదు. మా సెక్షన్లోంచి మళ్ళీ ఎవరూ పోలేదు. ఇది పన్నెండు మందికీ తెలుసు. అందరూ సరేనన్నదే.

నీలం పిచ్చుకది. నీలం దారం తిరిగి రావడం అరుదు. తీగలో వెంట్రుకల్లాంటి పోగులు వందలుంటాయి, దాని చేతిలో ఒక్కటీ తెగదు. అందుకే వేరేవాళ్ళవి దాని పేర నేనే కట్టాలి. ఇంటి మనిషి కదా, ముందు దానికే కట్టాలి, లేకపోతే నలుగురూ ఏమనుకుంటారు? ఏనాడూ మొహం మాడ్చుకోలేదు. కట్టు వదినా అంటుంది.

టెస్టరు విని, నాకెందుకులే అక్కా అని వెళ్ళిపోయాడు. బుద్ధిమంతుడు.

మార్చి 20

హెడ్డాఫీసు నుంచి ఒక ఇంజనీరు దిగాడు. మనిషి కన్నా కళ్ళజోడు పెద్దది. పొద్దుట్నుంచీ మా బల్లల మధ్య తిరుగుతున్నాడు. మర్యాదస్థుడే, అందరినీ మీరు మీరు అంటున్నాడు. అదే నచ్చలేదు. మా ఫ్యాక్టరీలో మర్యాద వచ్చిందంటే వెనకాల ఏదో వస్తున్నట్టే.

జేబులోంచి ఒక పలక తీసి నా బల్ల మీద పెట్టాడు. పచ్చగా, బిస్కెట్టంత ఉంది. ఇందులో కాయిల్ ఉందన్నాడు. ఎక్కడ అన్నాను. రాగిని పలకలోనే అచ్చు వేస్తారట. చుట్టడం లేదు, టేపు లేదు, తోక లేదు.

తోక లేకపోతే దారం ఎక్కడ కడతారు అని మా బల్లల్లోంచి పొడుగమ్మ వెనకనుంచి అంది. అందరం నవ్వాం. ఆయనకి అర్థం కాలేదు.

మార్చి 21

కంగారు పడాల్సిందేమీ లేదు. మార్కెట్ అంత పెరుగుతుంటే అచ్చువీ కావాలి, చుట్టినవీ కావాలి. పెళ్ళిలో ఒక్క కూరతో సరిపెడతారా?

మార్చి 22, శుక్రవారం

సరిపెడతారట.

ఏప్రిల్ సగం వరకే చేతి వైండింగ్. వెనకాల కడుతున్న కొత్త హాలు అచ్చు కాయిళ్ళకే. ఆర్డర్లు మూడింతలయ్యాయి, చేత్తో అందుకోలేమన్నారు. అబద్ధం కాదు. మేం చుట్టిన పెట్టెలే వాళ్ళని అంత పైకి తెచ్చాయి. ఇప్పుడు ఆ ఎత్తుకి మేం సరిపోవట్లేదు. కోపం వస్తోంది. ఎవరి మీదో తెలియట్లేదు, అది ఇంకా కోపంగా ఉంది.

నాకు కొత్త హాల్లో ఇన్‌స్పెక్టర్ పని ఇస్తారు. లెక్కలు సరిగ్గా పంపే మనిషినని మెచ్చుకున్నారు.

పన్నెండు మందిలో ఒక్కరిని మాత్రం ఉంచుకుంటారు. కొత్త నమూనా తయారైనప్పుడల్లా మొదటి నాలుగు కాయిళ్ళూ చేత్తోనే చుట్టి చూడాలట. డిజైను గదిలో ఒక బల్ల, ఒక మనిషి, పర్మనెంట్. ఎవరన్నది కళ్ళజోడాయన తేలుస్తాడు.

ఒక్కరు. ఆ ఒక్కరెవరో మా సెక్షన్లో గోడల్నడిగినా చెప్తాయి. భయం లేదు.

మార్చి 24, ఆదివారం

పాపకి పిచ్చుక జడ వేస్తుంటే ఎంతసేపు వేస్తుందో చూడాలి. ఒక జడ వేసి, విప్పి, మళ్ళీ వేస్తుంది. పాప విసుక్కోకుండా కూర్చుంటుంది. అత్తయ్య నా దగ్గరకొచ్చి, ఆ ఒక్క ఉద్యోగం దీనికే వస్తుంది కదూ అని మెల్లిగా అడిగింది. వచ్చేసినట్టే అత్తయ్యా అన్నాను.

మార్చి 26, మంగళవారం

కళ్ళజోడాయన నన్ను పిలిచాడు. ముందు రెండేళ్ళ లెక్కలు పెట్టుకున్నాడు, నేను పంపినవే. పన్నెండు మందివీ ఒకేలా ఉన్నాయన్నాడు. ఇరవయ్యేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకీ రెండేళ్ళ వాళ్ళకీ ఒకటే శాతం. తను ఇలాంటిది ఎక్కడా చూడలేదట. "అంటే తప్పు మనుషుల్లో లేదండి. చేత్తో చుట్టడంలోనే ఉంది. ఎవరు చుట్టినా అంతే పోతాయి" అన్నాడు.

అంటే ఎవరినీ ఉంచుకోనక్కర్లేదని ఆయన ఉద్దేశం. ఆ నాలుగు కాయిళ్ళూ బయట ఎవరితోనైనా చుట్టించుకోవచ్చట. రాసి పంపబోతున్నానన్నాడు.

 ఇన్నేళ్ళు పన్నెండు మందినీ ఒక్కలా కాపాడానని విర్రవీగాను. ఒక్కలా కాపాడితే ఒక్కలా కొట్టుకుపోతారని తట్టలేదు.

ఇంటికొచ్చి పిచ్చుకకి చెప్పలేదు. తలనొప్పి అని పడుకున్నాను.

మార్చి 27

పొద్దున్నే వెళ్ళి చెప్పేశాను. దారాలు నేనే మార్చానండి, అసలు లెక్క అది కాదు, పన్నెండు మందిలో ఒకమ్మాయివి దాదాపు పోనే పోవు అన్నాను. ఎవరండి అన్నాడు. పేరు చెప్పాను. కాగితాలు తిప్పి చూసి, కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"ఈ అడ్రసూ మీ అడ్రసూ ఒకటేనండి."

"నా ఆడపడుచు."

అంతే. అక్కడికి నా మాట మట్టిలో కలిసింది. ఆయన అరవలేదు, వెటకారం చెయ్యలేదు. నా మీద జాలిపడ్డాడు. ఆడపడుచు కోసం ఒక వదిన తన మీదే నింద వేసుకుంటోందని అనుకున్నాడు. మీ మనసు మంచిదండి అన్నాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

టెస్టరుని పిలవండి అన్నాను. పిలిచాడు. వాడు నేలచూపులు చూస్తూ నాకేం తెలీదు సార్ అన్నాడు. బుద్ధిమంతుడని నేనే రాసుకున్నాను.

చివరికి బతిమాలాను. వచ్చే సోమవారం నుంచి శుక్రవారం దాకా నన్ను ట్రేలు ముట్టుకోనివ్వకండి, దారాలు మీరే లెక్కపెట్టండి, తర్వాత మీ ఇష్టం అన్నాను. ఆలోచించి సరేనన్నాడు. మంచివాడే. అందరూ మంచివాళ్ళే, అదే నా ఖర్మ.

మార్చి 28

పిచ్చుకకి చెప్పాను. మామూలుగా చుట్టుకో, తొందరపడకు, ఎప్పుడూ చుట్టేలాగే చుట్టు అన్నాను. సరే వదినా అంది. చాలా రోజులకి రెండోసారి అన్నం పెట్టించుకుంది.

మార్చి 29, శుక్రవారం

మధ్యాహ్నం భోజనాల దగ్గర మిగతా పదకొండు మందికీ వచ్చే వారం సంగతి చెప్పాను. నా చేతిలో ఏమీ ఉండదు, ఎవరి దారం వాళ్ళదే, ఉన్నది ఒక్క చోటు, ఎవరి అదృష్టం వాళ్ళదన్నాను. అంతకన్నా నేనేమీ చెప్పలేదు. మాటల్లో పాప సంగతి వచ్చింది. వేసవికి వచ్చేయాలని ఎదురుచూస్తోందన్నాను. పన్ను ఊడిందన్నాను. పొడుగమ్మ కళ్ళు తుడుచుకుంది.

నేనేమీ చెప్పలేదు. పాప సంగతి ఊరికే వచ్చింది.

ఏప్రిల్ 1, సోమవారం

మొదలైంది. సాయంత్రం ట్రేలు నా ముందు నుంచే నేరుగా పోయాయి. చేతులు ఏం చెయ్యాలో తెలియక బల్ల మూడుసార్లు తుడిచాను.

ఏప్రిల్ 2

పిచ్చుకని చూసి ఆశ్చర్యపోతున్నాను. ట్రేలో నీలమే నీలం. అంత వేగం ఎప్పుడు నేర్చిందో. మధ్యాహ్నానికి దాని దారపు రీలు అయిపోయిందని పెద్దక్క వచ్చి ఇంకోటి అడిగింది. ఇచ్చాను. పిచ్చుక లేవడానికి తీరిక లేక ఆవిడని పంపి ఉంటుంది.

ఏప్రిల్ 3

ఇంకో రీలు. ఈసారి పొడుగమ్మ వచ్చింది.

నీలం దారాల్లో కొన్నిటికి ముడి వేరేగా ఉంది. పిచ్చుక రెండు మెలికలు వేసి బిగిస్తుంది, ఇవి ఒక మెలికే. తొందరలో అలా వేస్తోందేమో. కళ్ళు అలిసిపోయి ఉంటాయి, నావి.

ఇంట్లో అడుగుదామనుకున్నాను. అది అన్నం తినేసి పాప గౌను అంచు కుడుతూ కూర్చుంది. అడగలేదు.

ఏప్రిల్ 4

అందరూ హుషారుగా ఉన్నారు. పోయే వాళ్ళలా లేరు, పెళ్ళివారిలా ఉన్నారు. పెద్దక్క అయితే మోకాళ్ళ ఊసే ఎత్తలేదు. నా పక్కనుంచి వెళ్తూ భుజం నొక్కి, చూస్తూ ఉండు అంది.

చూస్తూనే ఉన్నాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

అయిపోయింది. పిచ్చుకదే ఎక్కువ. కళ్ళు మూసుకుని చెప్పొచ్చు, దానిదే ఎక్కువ.

ఏప్రిల్ 7, ఆదివారం

పాపకి చెప్పేశాను, ఖాయమని. అత్తయ్య చెప్పొద్దంది. ఆలూ లేదు చూలూ లేదు అని మొదలుపెట్టబోయింది. శుభం పలకరా అంటే మీరొకరు అని కసిరాను. పాప కిటికీ ఉన్న వాటా చూస్తానంది. తీసుకెళ్ళాను. గోడ మీద ఎక్కడ మంచం, ఎక్కడ పుస్తకాలు అని చెయ్యి పెట్టి చూపించింది.

ఏప్రిల్ 8, సోమవారం

ఎవరూ లేరు. ఎవరినీ తీసుకోవట్లేదు.

ఏప్రిల్ 9

నిన్న అంతా రాయలేకపోయాను. రాయాలి, రాయకపోతే రేపటికి నేనే ఇంకోలా గుర్తుపెట్టుకుంటాను.

కళ్ళజోడాయన మళ్ళీ కూర్చోబెట్టాడు. మీ ఆడపడుచుగారు చాలా కష్టపడ్డారండి, అందరికన్నా రెట్టింపు చుట్టారన్నాడు. అయితే పోయినవి కూడా అలాగే పోయాయట. శాతం చూస్తే అందరిదీ ఎంతో ఆమెదీ అంతే. ఇంకాస్త ఎక్కువే. మిగతావాళ్ళకే ఈసారి తక్కువ పోయాయట. "నేను ముందే చెప్పాను కదండి. చెయ్యి ఎవరిదైనా ఒకటే" అన్నాడు.

పదకొండు మంది తమ కాయిళ్ళకి నీలం దారం కట్టారు. తమవి తీసి దాని ఖాతాలో వేశారు. ఎన్ని చుట్టిందన్న లెక్కలో అది గెలవాలని. ఎక్కువ చుట్టినవాళ్ళకే ఉద్యోగం వస్తుందనుకున్నారు పిచ్చివాళ్ళు. అందరికన్నా ఎక్కువ కట్టింది చెయ్యి సరిగా సాగనివాళ్ళే; వణికే చేత్తో పెద్దక్క చుట్టినవీ దాని పేరే, తెగిన పోగులతో పొడుగమ్మ చుట్టినవీ దాని పేరే. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఒకరి తప్పు అందరూ పంచుకోవడం వాళ్ళకి నేర్పింది నేను. ఈసారి అందరి తప్పూ ఒక్కదానికి పంచారు.

నోటిదాకా వచ్చింది చెప్పేద్దామని. ఏమని చెప్పను? మొన్న నేను మార్చాను, నిన్న వాళ్ళు మార్చారు అంటానా? నమ్మితే ఆ పదకొండు మందికీ రావలసిన సర్వీసు సర్టిఫికెట్లు మోసం కింద ఆపేస్తారు, ఆ కాగితం లేకపోతే ఇంకో ఫ్యాక్టరీ గేటు కూడా దాటనివ్వరు. నమ్మకపోతే ఆయన మళ్ళీ జాలిపడతాడు. రెండిట్లో ఏదీ తట్టుకోలేక లేచి వచ్చేశాను.

బస్సులో పిచ్చుక పక్కన కూర్చున్నాను. అదే ముందు మాట్లాడింది.

"మంగళవారమే చూశాను వదినా. పెద్దక్క టేపు మడత నాకు తెలీదా?"

"మరి చెప్పవేమే?"

"ఎలా చెప్పను? అరగంట పట్టింది ఆవిడకి ఆ ముడి వెయ్యడానికి. నా వైపు చూసి నవ్వింది."

 దిగేముందు నా చెయ్యి పట్టుకుని, వాళ్ళకి చెప్పొద్దు వదినా, ఎప్పటికీ చెప్పొద్దు అంది. సరేనన్నాను.

నేనూ బుధవారమే చూశానని మాత్రం చెప్పలేదు. నాకు తెలుసు. ముడి చూసినప్పుడే తెలుసు. ఆ లెక్క పెరుగుతుంటే బాగుందనిపించి ఊరుకున్నాను. పెరిగేదంతా మనకోసమే పెరుగుతోందనుకునే జబ్బు నాకు పట్టుకుంది.

ఏప్రిల్ 10

మా ఆయనకి చెప్పాను. నా షెడ్డులో కూర్చోమను, పంక్చర్లు నేర్పుతాను అన్నాడు. పిచ్చుక నవ్వింది. తర్వాత ఆయన పెరట్లోకి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు.

కొత్త హాలు పని నాకొద్దు, పిచ్చుకకి ఇవ్వండి అని అడిగాను. అలా మార్చడం కుదరదన్నారు. అయితే మానేస్తానని ఇంట్లో అన్నాను. మానేస్తే పొయ్యి ఎలా వెలుగుతుందే అంది అత్తయ్య. తిట్టినట్టు కాదు, నిజంగానే అడిగింది.

మానెయ్యను.

ఏప్రిల్ 12, శుక్రవారం

ఆఖరి రోజు. బల్లలు మధ్యాహ్నానికే తీసుకెళ్ళిపోయారు. సాయంత్రం దాకా అందరం గోడకి ఆనుకుని నిలబడ్డాం. వార్నిషు వాసన మాత్రం మిగిలింది. గేటు దగ్గర పిచ్చుక అందరినీ పేరుపేరునా పలకరించి, పెద్దక్కని ఆటో ఎక్కించి వచ్చింది.

ఏప్రిల్ 13

వాటా ఇంటావిడకి రావట్లేదని చెప్పడానికి నేనే వెళ్ళాను. ఎవరో కొత్త జంట చూస్తున్నారు అప్పటికే.

ఏప్రిల్ 14, ఆదివారం

పాప వచ్చిన గంటకి పెద్దక్క, పొడుగమ్మ, ఇంకో నలుగురు వచ్చారు. ముందుగది నిండిపోయింది. కుర్చీలు చాలక మంచం మీద కూర్చున్నారు. పిచ్చుక టీ పెట్టింది. నేను వంటింట్లోంచి బయటికి రాలేదు. వస్తే నా నోరు నా మాట వినదని తెలుసు. కప్పులు కడిగినవే కడుగుతూ నిలబడ్డాను.

అన్నీ వినపడ్డాయి. పెద్దక్క పాపని దగ్గరికి తీసుకుని, మీ అమ్మ కోసం మేమంతా చేతనైనంత చేశాం తల్లీ అంది. ఒకరి తర్వాత ఒకరు చెప్పారు, ఎవరెవరు ఎన్ని కట్టారో. పొడుగమ్మ తను సోమవారం కాస్త వెనకాడానని, ముందు నుంచీ కట్టి ఉంటే ఎలా ఉండేదోనని ఏడ్చింది. క్షమించమంది. పెద్దక్క ముక్కు చీదుకుంటూ, "ఇంకో రెండు రోజులు గడువిస్తే గెలిపించేవాళ్ళం" అంది.

"మీరు చేసింది చాలు పెద్దక్కా" అంది పిచ్చుక. గొంతు మామూలుగానే ఉంది. ఇంకో కప్పు టీ పొయ్యనా అని అడిగింది.

చేతిలో కప్పు గట్టిగా పట్టుకున్నాను. మీరే, మీరే ముంచారు, మీ ప్రేమతో ముంచారు అని అరవాలనిపించింది. ఆ తర్వాత వాళ్ళకి అది నేర్పిందెవరో గుర్తొచ్చింది. కప్పు కడిగి బోర్లించాను.

వాళ్ళు వెళ్ళాక పిచ్చుక పాపకి చెప్పింది. నేను తలుపు వెనకే ఉన్నాను. ఈ వేసవికి కుదరదమ్మా అంది. పాప ఏడవలేదు. గౌను అంచు చూపించి, ఇది అక్కడికి తీసుకెళ్ళొచ్చా అని అడిగింది.

సాయంత్రం వాళ్ళ నాన్న గేటు దగ్గర హారను కొట్టాడు. ఈ ఏడాది అక్కడే మంచి బళ్ళో చేర్పిస్తానని ఫోనులో ముందే చెప్పాడు, మర్యాదగానే. పాప చెప్పులు తనే వేసుకుంది. అమ్మమ్మకి టాటా చెప్పింది, మామయ్యకి చెప్పింది. పిచ్చుక దాని జుట్టు సవరించి, ఇంకా సవరిస్తూనే ఉంది.

మరి ఎప్పుడు అని అడిగింది పాప. తల్లిని కాదు. నా వైపు తిరిగి అడిగింది. ఇన్నాళ్ళూ ఎప్పుడో చెప్పింది నేనే కదా.

నేను వెళ్ళి దానికి వీధి తలుపు తీశాను.